రైతుబిడ్డ రాసిన రాజ్యాంగం – జాన్ ఆడమ్స్

రాజ్యాంగం అనగానే మనకు ఒక్కటే గుర్తుకొస్తుంది. దేశమంతటికీ అదే. మన రాష్ట్ర ప్రభుత్వాలు ఎలా నడవాలో కూడా ఆ పుస్తకంలోనే, ఆరో భాగంలో రాసిపెట్టారు. ఒక్క జమ్మూ కాశ్మీరుకు మాత్రం 1957 నుంచి 2019 దాకా వేరే రాజ్యాంగం ఉండేది. అమెరికాలో సంగతి అలా కాదు. అక్కడ ఏ రాష్ట్రం రాజ్యాంగం ఆ రాష్ట్రానిదే. వాటిలో మసాచుసెట్స్ రాష్ట్రపు రాజ్యాంగం 1780 నాటిది. అమెరికా దేశానికి రాజ్యాంగం రాసింది 1787లో. అంటే తల్లికంటే పిల్ల ఏడేళ్ళు పెద్దదన్నమాట! ఇవ్వాళ్టికీ అమలులో ఉన్న లిఖిత రాజ్యాంగాల్లో ప్రపంచం మొత్తానికి అదే పాతదని చెబుతారు.

దాని ముసాయిదా రాసినవాడు జాన్ ఆడమ్స్. అమెరికాకు రెండో అధ్యక్షుడని మనం జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీపట్టే పేరు. అధ్యక్షుడుగా ఆయన నాలుగేళ్ళూ అంత గొప్పగా ఏమీ గడవలేదు. ఆయన చేసిన పనుల్లో నిలిచిపోయింది 1779లో ఇంట్లో కూర్చుని రాసిన ఈ రాష్ట్ర రాజ్యాంగమే అని నా అభిప్రాయం. ఆ రాతకు ముందు ఆయన ఎలా బతికాడు, ఆ తరవాత ఆ రాతను ఎవరెవరు ఎలా చదువుకున్నారు అన్నదే ఈ వ్యాసం.

ఆడమ్స్ 1735 అక్టోబరులో బోస్టన్ పట్నానికి దక్షిణాన బ్రెయింట్రీ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి పేరు కూడా జానే. వేసవిలో సేద్యం, చలికాలంలో జోళ్ళు కుట్టడం ఆయన వృత్తి. ఆ మనిషే చర్చిలో పెద్ద, ఊరి వ్యవహారాలు చూసే పెద్దల్లో ఒకడు. ఒకే మనిషి పొలం దున్ని, జోళ్ళు కుట్టి, గుడిలోనూ చావడిలోనూ పెద్దరికం చేయడం మన పల్లెల్లో ఊహించగలమా? అక్కడ ఆ కాలానికే అది మామూలు సంగతి.

కుర్రాడికి చదువు మీద మనసు లేదు. గాలిపటాలు, ఈత, తుపాకి పట్టుకుని పిట్టల వేట, ఇవీ ఆయన సరదాలు. పెద్దయ్యాక ఏమవుతావురా అంటే రైతునవుతానన్నాడు. సరే రైతు పని ఏమిటో చూపిస్తాను పద అని తండ్రి మర్నాడు రేవు దగ్గరి చిత్తడి నేలకు తీసుకుపోయి, పొద్దుగూకేదాకా కప్పు వేసే గడ్డి కోయించాడు. ఒళ్ళంతా బురద. రాత్రి ఇంటికొచ్చాక ఎలా ఉందని అడిగితే, నాకు బాగానే నచ్చిందన్నాడట కొడుకు. నాకు నచ్చలేదు, నువ్వు బడికే పోవాలి అన్నాడు తండ్రి. ఈ మాట విని నవ్వుకోని రైతుబిడ్డ మన కాలేజీలో ఉండడు. మన నాన్నలందరూ ఏదో ఒక ఎండాకాలం మనకు పెట్టిన పరీక్షే అది. అసలు గొడవ చదువుతో కాదు, పంతులుతో అని తరవాత తేలింది. పంతులును మార్చాక కుర్రాడు పుస్తకం వదల్లేదు.

1751లో హార్వర్డ్ కాలేజీలో చేరాడు. కొడుకు చదువు కోసం తండ్రి కొంత పొలం అమ్మాడు. ఆ రోజుల్లో హార్వర్డ్‌లో విద్యార్థుల పేర్లు మార్కుల్ని బట్టి గానీ అక్షర క్రమంలో గానీ రాసేవారు కాదు, కుటుంబం అంతస్తును బట్టి రాసేవారు. ఇరవై పైచిలుకు మంది ఉన్న తరగతిలో ఆడమ్స్ స్థానం పద్నాలుగు. అదీ తల్లి తరఫువాళ్ళు కాస్త పేరున్నవాళ్ళు కావటంవల్ల. మనుషులందరూ సమానంగా పుట్టారని తరవాత రాసిన చెయ్యి ముందు ఆ పట్టీలో తన పేరు వెతుక్కుందన్న మాట.

చదువయ్యాక వూస్టర్ పట్నంలో కొన్నాళ్ళు బడిపంతులుగా చేశాడు. అక్కడే ఒక ప్లీడరు దగ్గర న్యాయశాస్త్రం నేర్చుకుని 1758లో వకీలయ్యాడు. 1764 అక్టోబరు 25న ఎబిగెయిల్ స్మిత్‌ను పెళ్ళాడాడు. ఈ తేదీ కాస్త గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

వకీలుగా ఆయన ధైర్యం చాటింది 1770 నాటి కేసు. ఆ ఏడు మార్చి 5న బోస్టన్ వీధిలో గుంపుకీ ఇంగ్లీషు సిపాయిలకీ మధ్య ఘర్షణ జరిగి సిపాయిలు కాల్పులు జరిపారు. అయిదుగురు చచ్చిపోయారు. ఊరంతా రక్తం ఉడికిపోతూంది. సిపాయిల తరఫున నిలబడే వకీలు దొరకలేదు. ఇంగ్లీషు ప్రభుత్వపు పన్నుల్ని వ్యతిరేకించే ఆడమ్స్ ఆ కేసు పట్టుకున్నాడు. కెప్టెను నిర్దోషిగా విడుదలయ్యాడు. ఎనిమిదిమంది సిపాయిల్లో ఆరుగురు కూడా విడుదలయ్యారు. మిగిలిన ఇద్దరికీ చిన్న నేరం కింద బొటనవేళ్ళ మీద వాత పెట్టి వదిలేశారు. ఎంత కోపం వచ్చినా చట్టం ముందు ప్రతివాడికీ ఒక నోరు ఉండాలని ఆయన పట్టు. ఈ పట్టే తొమ్మిదేళ్ళ తరవాత రాజ్యాంగంలోకి ఎక్కింది.

ఆ తరవాతి కథ చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. 1774లో ఆయన ఫిలడెల్ఫియా కాంగ్రెసుకు వెళ్ళాడు. 1776లో స్వాతంత్ర్య ప్రకటనకు గట్టిగా వాదించినవాళ్ళలో ముందున్నాడు. ఆ వసంతంలోనే ప్రభుత్వాలు ఎలా కట్టుకోవాలో చెబుతూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. శాసనసభ ఒక్కటే ఉంటే ఒక మనిషికి వచ్చినట్టే దానికీ పిచ్చి కోపాలు, దురాశలు వస్తాయని, అందుకే రెండు సభలు, విడిగా గవర్నరు, ఎవరికీ లొంగని జడ్జీలు కావాలని ఆ పుస్తకం సారాంశం.

అదే ఏడాది మార్చిలో బ్రెయింట్రీ నుంచి ఎబిగెయిల్ ఒక ఉత్తరం రాసింది. కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్ళను మరిచిపోవద్దని, మొగుళ్ళ చేతుల్లో అంతులేని అధికారం పెట్టొద్దని హెచ్చరించింది. ఆయన దాన్ని నవ్వులాటగా తీసుకుని, మగవాళ్ళ పెత్తనం పేరుకే గదా అన్న ధోరణిలో జవాబు రాశాడు. మొగుడు ఏళ్ళ తరబడి దూరదేశాల్లో ఉంటే పొలం చూసి, కూలీల్ని కుదుర్చుకుని, పన్నులు కట్టి, పిల్లల్ని పెంచింది ఆవిడే. ఈ విషయంలో నేను ఆవిడ పక్షం. మసాచుసెట్స్ కూడా చివరకు ఆవిడ పక్షానికే వచ్చింది గానీ రెండు వందల ఏళ్ళు పట్టింది. 1976లో ప్రజలు ఓట్లేసి రాజ్యాంగంలో పురుషులందరూ అని అర్థం వచ్చే మాట తీసేసి ప్రజలందరూ అని మార్చారు. స్త్రీ పురుష భేదం, జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి చట్టం దగ్గర తేడా చేయకూడదని కూడా అప్పుడే చేర్చారు.

ఇక అసలు కథ. ఇంగ్లీషువాళ్ళు పోయాక మసాచుసెట్స్‌కు రాజ్యాంగం కావలసివచ్చింది. 1778లో అక్కడి శాసనసభే ఒకటి రాసి ఊళ్ళకు పంపింది. ఊళ్ళు సభలు పెట్టుకుని చదివి తిప్పికొట్టాయి. ఇంచుమించు అయిదింట నాలుగువంతుల ఓట్లు వ్యతిరేకంగా పడ్డాయి. కారణాలు చాలా ఉన్నాయి. హక్కుల జాబితా లేదని కొందరు, నల్లవాళ్ళకూ ఇండియన్లకూ ఓటు లేదనడం తప్పని కొందరు అన్నారు. వీటన్నిటికంటే లోతైన మాట కాంకర్డ్ అనే ఊరు 1776లోనే చెప్పింది. శాసనసభను అదుపులో పెట్టడానికే గదా రాజ్యాంగం, దాన్ని శాసనసభే రాసుకుంటే అదుపు ఎక్కడిది? కాబట్టి దాన్ని రాయడానికి ప్రజలు వేరే సభను ఎన్నుకోవాలి అన్నారు ఆ ఊరివాళ్ళు. కౌలు కాగితం కౌలుదారే రాసుకుంటే ఎలా ఉంటుందో మనకు తెలియంది కాదు. ఈ వాదన నెగ్గింది. ప్రత్యేక సభ రాయడం, రాసినదాన్ని మళ్ళీ ప్రజలే ఒప్పుకోవడం అన్న పద్ధతి మొదటిసారి పూర్తిగా నడిచింది మసాచుసెట్స్‌లోనే.

1779 ఆగస్టు మొదట్లో ఆడమ్స్ ఫ్రాన్సు నుంచి తిరిగి వచ్చాడు. ఇంటికి చేరి మూటలు విప్పీ విప్పకముందే బ్రెయింట్రీవాళ్ళు ఆయన్ను ఆ సభకు ఎన్నుకున్నారు. సెప్టెంబరు 1న కేంబ్రిడ్జిలో సభ మొదలైంది. ముసాయిదా రాయమని ముప్ఫైమందిని వేశారు. ముప్ఫైమంది ఒక కాగితం ఎలా రాస్తారు? వాళ్ళు ముగ్గురికి అప్పజెప్పారు: జాన్ ఆడమ్స్, ఆయన దాయాది శామ్యూల్ ఆడమ్స్, జేమ్స్ బోడిన్. ఆ ఇద్దరూ కలిసి పని జాన్ మీద పెట్టారు. అన్ని కమిటీల్లోనూ జరిగేది ఇదే, మన యూనియన్‌తో సహా.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బ్రెయింట్రీలోని ఇంటి ముందుగదిలో, తన వకీలు కచేరీలో కూర్చుని ఆయన రాశాడు. ముందు ఒక పీఠిక. ఒక్కొక్కరూ అందరితోనూ, అందరూ ఒక్కొక్కరితోనూ చేసుకునే ఒప్పందమే రాజ్యం అని అందులో భావం. తరవాత హక్కుల ప్రకటన. ప్రభుత్వం ఎలా ఉండాలో చెప్పకముందే మనిషికి ఏముందో చెప్పడం ఆయన వరుస. ఆ తరవాత శాసనసభ, గవర్నరు, కోర్టులు. ఈ మూడూ ఒకదాని పని ఒకటి చేయకూడదని, మనుషుల ఇష్టం కాక చట్టం ఏలాలని ఒక నియమం. జడ్జీల జీతాలు గౌరవంగా, స్థిరంగా ఉండాలి, నడత బాగున్నంతకాలం వాళ్ళను కదిలించకూడదు. 1787లో దేశ రాజ్యాంగం రాసినవాళ్ళు ఈ కట్టడంలో చాలా భాగాన్ని ఎరువు తెచ్చుకున్నారు.

నాలాంటి సైన్సు విద్యార్థిని ఆకట్టుకునే భాగం అయిదో అధ్యాయంలో ఉంది. విద్య, వివేకం ప్రజలందరిలో పరుచుకుంటేనే హక్కులు నిలుస్తాయి కనుక బడులనూ, శాస్త్రాలనూ పోషించడం ప్రభుత్వాల విధి అని రాశాడు. వ్యవసాయం, చేతిపనులు, వర్తకం, ఆ దేశపు ప్రకృతి శాస్త్రం, వీటన్నిటికీ ప్రోత్సాహం ఇవ్వాలన్నాడు. చెట్లూ పిట్టలూ రాళ్ళ చదువు ఒక రాజ్యాంగంలోకి ఎక్కడం చూశారా! అంతటితో ఆగక, ప్రజల్లో నిజాయితీ, దయలతోపాటు సరసమైన స్వభావాన్ని కూడా పెంచాలని చేర్చాడు. ఇది చదివి సభలో అందరూ నవ్వి కొట్టేస్తారని ఆయన భయపడ్డాడట. ఒక్కరూ కాదనలేదు.

నవ్వులాటకు గురవుతుందనుకున్న ఆ భాగం 1993లో ఎంత పని చేసిందో చెప్పాలి. మసాచుసెట్స్‌లో పేద ఊళ్ళ బడిపిల్లల తరఫున కేసు వేశారు. డబ్బున్న ఊళ్ళ బడులు ఒకలా, లేని ఊళ్ళ బడులు ఇంకోలా ఉన్నాయన్నది ఫిర్యాదు. పోషించడం విధి అని రాసింది ఉత్త శుభాకాంక్ష కాదు, కోర్టు అమలు చేయించగల బాధ్యత అని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ ఏడు జూన్‌లో తీర్పు చెప్పింది. విచిత్రం ఏమిటంటే సరిగ్గా అదే 1993లో, ఫిబ్రవరిలో, మన సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో ఇంచుమించు ఇలాంటి మాటే చెప్పింది. ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీల ఫీజుల తగాదాగా మొదలైన కేసు అది. మన ఆదేశిక సూత్రాలు కోర్టులో అమలు చేయించుకునేవి కావని రాజ్యాంగంలోనే ఉంది. అయినా పద్నాలుగేళ్ళ లోపు పిల్లల చదువు, జీవించే హక్కులో భాగమేనన్నారు. ప్రధానమైన తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు. రెండు దేశాల జడ్జీలూ పాత వాక్యాన్ని పట్టుకుని, ఇది అలంకారం కాదు, అప్పు అన్నారన్నమాట.

మళ్ళీ 1779కి వద్దాం. అక్టోబరు చివర్లో ముసాయిదాను సభకు పెట్టారు. నవంబరులో ఆడమ్స్ మళ్ళీ ఓడ ఎక్కేశాడు, ఈసారి ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని. ఆయన లేకుండానే సభ మార్పులు చేసింది. గవర్నరు కాదంటే ఇక అంతే అని ఆయన రాస్తే, మూడింట రెండువంతుల మంది పట్టుబడితే గవర్నరు మాటను దాటవచ్చునని మార్చారు. హక్కుల ప్రకటన మొదటి వాక్యంలో మనుషులందరూ సమానంగా స్వతంత్రులై పుట్టారని ఆయన రాసినదాన్ని, స్వతంత్రులుగానూ సమానులుగానూ పుట్టారని అర్థం వచ్చేలా మార్చారు. చూడ్డానికి చిన్న సవరణే. ఎంత పెద్దదో తరవాత తేలింది. మతం గురించిన అధికరణం మాత్రం ఆడమ్స్ రాయలేదు. ఆ చిక్కు వేరేవాళ్ళకు వదిలేశాడు.

1780 వసంతంలో ఊళ్ళన్నీ దాన్ని చదివి ఓట్లేశాయి. ఇరవయ్యొక్కేళ్ళు నిండిన స్వతంత్ర పురుషులందరికీ ఈ ఓటు ఇచ్చారు. కానీ ఆ రాజ్యాంగం ప్రకారం ముందు ముందు ఓటు కావాలంటే ఏడాదికి మూడు పౌన్ల ఆదాయం వచ్చే భూమి గానీ అరవై పౌన్ల ఆస్తి గానీ ఉండాలి. అంటే రాజ్యాంగాన్ని ఒప్పుకోవడానికి పనికొచ్చిన మనిషి దాని కింద ఎమ్మెల్యేను ఎన్నుకోవడానికి పనికిరాడు! ఇది ఆడమ్స్ నమ్మకమే. ఆస్తిలేనివాడు ఎవడో ఒకడి చెప్పుచేతల్లో ఉంటాడని, వాడి ఓటు వాడిది కాదని ఆయన అనుకునేవాడు. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించలేను. మూడింట రెండువంతుల మద్దతు నిజంగా వచ్చిందా, లెక్క అలా కుదిర్చారా అని కొందరు చరిత్రకారులు సందేహపడ్డారు కూడా. ఏమైతేనేం, జూన్‌లో ఆమోదం పొందిందని ప్రకటించారు. అక్టోబరు 25న అమల్లోకి వచ్చింది. ఆడమ్స్ దంపతుల పదహారో పెళ్ళిరోజది. ఆయన అప్పుడు సముద్రానికి అవతల హాలెండులో అప్పు కోసం తిరుగుతున్నాడు.

ఇప్పుడు వేరే ఊరికి పోదాం. మసాచుసెట్స్ పడమటి కొసన షెఫీల్డ్‌లో కల్నల్ జాన్ ఆష్లీ అనే ఆసామి ఉండేవాడు. ఆయన ఇంట్లో బెట్ అనే నల్లజాతి బానిస స్త్రీ ఉండేది. చదువు లేదు. ఒకరోజు యజమానురాలు కాలుతున్న వంటింటి గరిటె లాంటి పార ఎత్తి ఇంకో పిల్లను కొట్టబోతే బెట్ చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక దాకా గాయం. ఆ మచ్చను ఆవిడ ఎన్నడూ కప్పుకోలేదు. ఏమయిందని ఎవరైనా అడిగితే యజమానురాలినే అడగమనేది. మనుషులందరూ స్వతంత్రులుగా, సమానులుగా పుట్టారన్న మాట పెద్దలు చదువుకుంటూంటే, మాట్లాడుకుంటూంటే ఆవిడ విన్నది. విని, థియొడోర్ సెడ్జ్‌విక్ అనే వకీలు దగ్గరికి పోయి, నేనూ మనిషినే గదా, మరి ఆ చట్టం నాకు స్వేచ్ఛ ఇవ్వదా అని అడిగింది.

సెడ్జ్‌విక్ కేసు వేసిన తీరు భలేగా ఉంటుంది. అక్రమంగా పట్టుకున్న సొత్తును విడిపించడానికి వాడే పాత ఇంగ్లీషు పద్ధతిలో దావా వేశాడు. బెట్‌నూ, బ్రామ్ అనే ఇంకో బానిసనూ ఆష్లీ అక్రమంగా పట్టి ఉంచాడు, విడిచిపెట్టాలి అన్నాడు. వాళ్ళు నా సొత్తే, జీవితాంతం నా సేవకులు అని ఆష్లీ జవాబు. 1781 ఆగస్టులో గ్రేట్ బారింగ్టన్ కోర్టులో విచారణ జరిగింది. జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే. వాళ్ళు ఇద్దరినీ స్వతంత్రులన్నారు. పైగా ముప్ఫై షిల్లింగుల నష్టపరిహారం ఇప్పించారు. ఆష్లీ పైకోర్టుకు వెళ్ళి మళ్ళీ మానుకున్నాడు. ఇంటికి తిరిగి రమ్మని, జీతం ఇస్తానని కబురు పంపాడు. ఆవిడ పోలేదు. సెడ్జ్‌విక్ ఇంట్లో జీతానికి కుదిరింది. ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకుంది. ఫ్రీమన్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

అదే కాలంలో క్వాక్ వాకర్ అనే బానిసను యజమాని జెనిసన్ కొట్టాడు. కేసులు నడిచాయి. 1783లో ప్రధాన న్యాయమూర్తి విలియం కషింగ్ జ్యూరీకి విషయం వివరిస్తూ, మొదట్లోనే ఇలాంటి ప్రకటన పెట్టుకున్న రాజ్యాంగం కింద బానిసత్వం ఉండటం కుదరదని చెప్పాడు. జెనిసన్‌కు నలభై షిల్లింగుల జరిమానా పడింది. బానిసత్వాన్ని రద్దు చేస్తూ శాసనసభ ఒక్క చట్టం చేయలేదు. అయినా 1790 జనాభా లెక్కల్లో మసాచుసెట్స్‌లో బానిసల సంఖ్య సున్నా. అంతా ఒక్కరోజులో అయిందనుకోవద్దు. కొందరు యజమానులు ముందే పక్క రాష్ట్రాలకు అమ్ముకున్నారు. కొందరు పేరు మార్చి అదే చాకిరీ చేయించుకున్నారు.

ఆడమ్స్ ఈ పని కోసమే ఆ వాక్యం రాశాడా? లేదనే చెప్పాలి. ఆయన జీవితంలో ఎన్నడూ బానిసను కొనలేదు, బానిసత్వాన్ని అసహ్యించుకున్నాడు, కూలి ఇచ్చే పని చేయించుకున్నాడు. అది నిజం. కానీ వకీలుగా ఉన్న రోజుల్లో ఇలాంటి కేసులు కొన్నిటిలో యజమానుల తరఫునే నిలబడ్డాడు. 1777లో నల్లవాళ్ళ విముక్తికి మసాచుసెట్స్ శాసనసభలో బిల్లు వస్తే, దక్షిణాది రాష్ట్రాలు దూరమవుతాయన్న భయంతో అది కొంతకాలం నిద్రపోతేనే మేలని మిత్రుడికి రాశాడు. బిల్లును నిద్రపుచ్చమన్న మనిషి వాక్యాన్ని చదువు రాని పనిమనిషి నిద్రలేపింది. రాసినవాడి మనసులో ఏముందో ఆవిడకు అక్కర్లేదు. కాగితం మీద ఏముందో అది చాలు. రాజ్యాంగానికి అర్థం చెప్పడం అంటే పెద్ద పెద్ద వకీళ్ళ పని అనుకుంటాం గానీ, ఈ రాజ్యాంగానికి మొదటి వ్యాఖ్యాత బెట్.

అంత సుఖంగా కథ ముగిస్తే బాగుండు. రైతుల సంగతి కూడా చెప్పాలి. యుద్ధం అయ్యాక మసాచుసెట్స్ ప్రభుత్వం యుద్ధపు అప్పులు తీర్చడానికి పన్నులు పెంచింది, అవీ నాణెం రూపంలో కట్టమంది. పడమటి పల్లెల్లో నాణెం ఎక్కడిది? పశువుల్నీ పొలాల్నీ జప్తు చేశారు. అప్పు తీర్చలేనివాళ్ళను జైల్లో వేశారు. వాళ్ళలో చాలామంది ఇంగ్లీషువాళ్ళతో పోరాడి, జీతం సరిగా అందని సిపాయిలు. విన్నపాలు పంపారు. డబ్బున్నవాళ్ళు కూర్చునే సెనేటు కదల్లేదు. ఆ సెనేటులో సీట్లు జనాభాను బట్టి కాక జిల్లాలు కట్టే పన్నును బట్టి ఉండేవి మరి. 1786 ఆగస్టులో రైతులు గుంపులుగా పోయి కోర్టులు మూయించారు. కోర్టు తెరవకపోతే జప్తు ఉండదు గదా. డేనియల్ షేస్ అనే మాజీ కెప్టెను పేరు మీద దీన్ని షేస్ తిరుగుబాటు అన్నారు. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దగ్గర ప్రభుత్వ దళం ఫిరంగి పేల్చితే నలుగురు రైతులు చచ్చిపోయారు. అప్పటి గవర్నరు ఎవరనుకున్నారు? ముసాయిదా కమిటీలోని జేమ్స్ బోడిన్. కఠినంగా అణచమన్నవాళ్ళలో శామ్యూల్ ఆడమ్స్ ఒకడు.

జాన్ ఆడమ్స్ అప్పుడు లండన్‌లో రాయబారి. తిరుగుబాటును ఆయనా ఖండించాడు. రాజ్యాంగాలను సమర్థిస్తూ పెద్ద గ్రంథం రాయడం మొదలుపెట్టాడు. అదే 1786 వేసవిలో ఆయన లండన్ శివార్లలో నడుస్తూ దారిపక్క పెంటకుప్పల దగ్గర ఆగి, గడ్డి ఎంత, పేడ ఎంత, మట్టి ఎంత అని పరీక్షించి డైరీలో రాసుకున్నాడు. మా ఊరి ఎరువే దీనికంటే మేలని తేల్చుకున్నాడు. సముద్రపు నాచు బండ్లకెత్తించి పొలానికి తోలించిన మనిషి ఆయన. ఎరువు వాసన అంత బాగా తెలిసినవాడికి జప్తు బాధ తెలియలేదా? తెలిసే ఉంటుంది. కానీ కోర్టును మూసేవాడు రేపు దేన్నయినా మూస్తాడని ఆయన భయం. బోస్టన్ సిపాయిల కేసులో గుంపును చూసినవాడు గదా. మా ఇళ్ళలో సహకార బ్యాంకు నోటీసు చూసి పెరిగిన మాకు మాత్రం షేస్ మనుషుల్ని తప్పుపట్టడానికి నోరు రాదు.

అయితే ఇందులో ఇంకో మెలిక ఉంది. 1787 ఫిబ్రవరిలో తిరుగుబాటుదారుల ముఠా ఒకటి స్టాక్‌బ్రిడ్జిలో సెడ్జ్‌విక్ ఇంటి మీద పడింది. వకీలు ఊళ్ళో లేడు. ఇంట్లో ఉన్నది బెట్. వెండి సామాను తన పెట్టెలో దాచి, వాళ్ళు ఇల్లంతా సోదా చేసి ఆ పెట్టె దగ్గరికి వస్తే, నల్ల పనిమనిషి పెట్టెను కూడా వదలరా పెద్దమనుషులు అని ఎగతాళి చేసిందని ఆ కుటుంబంవాళ్ళు చెప్పుకునేవారు. వాళ్ళు సిగ్గుపడి వెళ్ళిపోయారు. కోర్టు మూతపడితే రైతుకు ఊరట, కానీ ఆవిడకు స్వేచ్ఛ దొరికింది ఆ కోర్టులోనే. ఎవరిది న్యాయమంటే నేను చెప్పలేను. ఆ ఏడు ఎన్నికల్లో బోడిన్ చిత్తుగా ఓడిపోయాడు. కొత్త సభ పన్నులు తగ్గించింది. తుపాకులవల్ల కానిది ఓటువల్ల కొంత అయింది.

ఆడమ్స్ 1788లో స్వదేశం చేరి, ఎనిమిదేళ్ళు ఉపాధ్యక్షుడుగా, 1797 నుంచి 1801 దాకా అధ్యక్షుడుగా పనిచేశాడు. ప్రభుత్వాన్ని విమర్శించే రాతల్ని శిక్షించే చట్టం మీద 1798లో సంతకం పెట్టాడు. పత్రికా స్వేచ్ఛను హక్కుల ప్రకటనలో పెట్టిన చెయ్యే అది. ఎన్నికల్లో ఓడి పొలానికి తిరిగొచ్చాడు. ఆ తరవాత పాతికేళ్ళు కోతలు, పుస్తకాలు, ఉత్తరాలు. 1818లో ఎబిగెయిల్ పోయింది.

1820లో రాజ్యాంగాన్ని సవరించడానికి మసాచుసెట్స్ మళ్ళీ సభ పెట్టింది. ఎనభై అయిదేళ్ళ ముసలాయన్ను ఊరివాళ్ళు ప్రతినిధిగా పంపారు. ఆయన లోపలికి వస్తూంటే సభ అంతా టోపీలు తీసి లేచి నిలబడింది. అధ్యక్షుడుగా ఉండమంటే వయసు చాలదన్నాడు. ఏ మతంవాళ్ళకైనా చట్టం దగ్గర సమాన రక్షణ ఉండాలని ఒక సవరణ తెచ్చాడు. నెగ్గలేదు. ప్రజల పన్నుతో చర్చిలను పోషించే పాత అధికరణం పోయింది 1833లో. ఆస్తిని బట్టి సెనేటు ఉండాలన్న పాత పట్టును మాత్రం ఆయన ఆ సభలోనూ వదల్లేదు.

1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజున, తొంభై ఏళ్ళ వయసులో చనిపోయాడు. థామస్ జెఫర్సన్ పోయింది కూడా ఆరోజే. కొడుకు జాన్ క్విన్సీ అప్పుడు దేశాధ్యక్షుడు.

ఎలిజబెత్ ఫ్రీమన్ 1829 డిసెంబరులో పోయింది. జీతం దాచుకుని సొంత ఇల్లు కొనుక్కుంది. వీలునామా మీద వేలిముద్ర లాంటి గుర్తే పెట్టింది. స్టాక్‌బ్రిడ్జిలో సెడ్జ్‌విక్ కుటుంబం సమాధుల మధ్య ఆవిడనూ పాతిపెట్టారు. ఆవిడ మెడలోని బంగారు పూసల్ని తరవాత కంకణంగా గుచ్చారు. అది బోస్టన్‌లోని మసాచుసెట్స్ చరిత్ర సంఘంలో ఉంది. ఆడమ్స్ డైరీలు, ఉత్తరాలు, పెంటకుప్ప లెక్కతో సహా, ఆ భవనంలోనే ఉన్నాయి.